సారం తగ్గని మట్టి

అక్వేరియం కొట్టతను చేతులు తుడుచుకుంటూ వెనకగదిలోంచి వచ్చేసరికి, ఆమె తడి ఆకును గల్లాబల్ల మీద పెట్టి నిలబడి ఉంది.

"మళ్లీ పండిపోయిందండీ."

అతను ఆకును వెలుగులో పెట్టి చూశాడు. అంచులు పసుపు, మధ్యలో చిల్లులు. సందేహం లేదు, ఆమె చేపల తొట్టి అడుగున నీటిమొక్కల కోసం పరిచిన మట్టిలో సారం అయిపోయింది. ఏడాది పైగా ఇదే తంతు. ఎప్పుడొచ్చినా ఆమె పొడుగుచేతుల చొక్కా కుడిచెయ్యి మోచేతి దాకా తడిసే ఉంటుంది. మొక్కలంటే ఎంత ప్రాణమో, చెయ్యి కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకొస్తుంది అనుకుని మురిసిపోయేవాడు.

"అసలు ఈ మట్టి ఎన్నాళ్లొస్తుందండీ?"

"మామూలుగా రెండేళ్లు. వేళ్లతో తిండి లాక్కునే మొక్కలైతే ఇంకా ముందే ఖాళీ చేసేస్తాయి. చూసుకునే చేతిని బట్టి కూడా ఉంటుందనుకోండి."

ఆ చివరి మాటకి సాక్ష్యంగా గుమ్మం పక్కనున్న తన తొట్టి చూపించాడు. కొట్టు తెరిచిన రోజు పరిచిన మట్టి. మూడేళ్లు దాటినా చిగురు మీద చిగురు, పండుటాకన్నది మచ్చుకైనా లేదు. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి గొప్పలు పోవడం అతని అలవాటు. ఆమె అటు చూసి పెదవి కొరుక్కుంది.

మట్టి మార్చమని చెప్పడం న్యాయం. కానీ మట్టి మారితే మొక్కలు బాగుపడతాయి, బాగుపడితే ఈమె రాదు. అందుకే ఎప్పటిలాగే వేళ్ల దగ్గర గుచ్చడానికి ఒక్క ఎరువు బిళ్ల ఇచ్చి, వచ్చేవారం కనిపించమని చెప్పి వెనకగదిలోకి వెళ్లిపోయాడు.

గల్లా దగ్గర కూర్చునే అతని అక్క, ఆమె వెళ్లాక కళ్లజోడు తుడుచుకుంటూ అంది.

"నీ వైద్యం వింతగా ఉందిరా. ఆ అమ్మాయి తొట్టి బాగుపడదు, నీ తొట్టి చెడిపోదు."

చివరికి మనసు ఒప్పుకోక, తనే ఇంటికొచ్చి మట్టి మారుస్తానన్నాడు. ఆమె కంగారుపడి, ఇల్లంతా చిందరవందరగా ఉందంటూ వెళ్లిపోయింది. ఇక రాదనే అనుకున్నాడు. ఆ నాలుగు రోజులూ చేపలకి మేత వేశాడో లేదో కూడా అతనికి గుర్తులేదు.

వారం తిరక్కుండానే వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"ఆకేదండీ?"

"ఆకు లేకపోతే రాకూడదా?"

పెళ్లిమాటలకి వాళ్లింటికి వెళ్లినప్పుడు తొట్టి గురించి అడిగాడు. పైగదిలో ఉంది, తర్వాత చూద్దురుగాని అని గుసగుసగా చెప్పి టీ కప్పు చేతికిచ్చింది. ఆ రోజు అతనికీ తొట్టి మీద ధ్యాస లేదు.

పెళ్లయింది. అరలో రెండు కప్పులు పక్కపక్కన బోర్లించి ఉంటే చూసుకుని మురిసిపోయే రోజులు. కొట్టులోని తొట్టి మాత్రం ఉన్నట్టుండి పసుపెక్కింది. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేమొచ్చిందో అతనికి అంతుపట్టలేదు. దాన్ని చూసుకునే చేతికి పెళ్లయిపోయింది కదరా అంది అక్క. నిజమే, ఈమధ్య ఇంటికి తొందరపడుతున్నాను అనుకుని సిగ్గుపడ్డాడు.

రెండు బస్తాల కొత్త మట్టి తెప్పించాడు. ఒకటి కొట్టుకి. రెండోది భార్య పుట్టింట్లో వదిలేసి వచ్చిన తొట్టికి. ఆమెకి చెప్పకుండా దాన్ని తెచ్చి పెట్టాలని కిటికీ కింద బల్ల కూడా ఖాళీ చేశాడు. ఆదివారం పొద్దున్నే అత్తగారి గుమ్మంలో బస్తా దించాడు.

"పైగదిలో తొట్టి తీసుకెళ్దామని వచ్చాను అత్తయ్యా. ఇంట్లో తనకి చెప్పలేదు, మీరూ చెప్పకండి."

అత్తగారు బస్తా వంకా అల్లుడి వంకా మార్చి మార్చి చూసింది.

"మా ఇంట్లో చేపల తొట్టి ఎప్పుడూ లేదే బాబూ."