భోజనాల గదిలో బీరువా

పేదల కంపు తమకు సోకకూడదని, పుట్టబోయే పిల్లల జన్యువుల్లోంచే వాసన తెలిసే గుణాన్ని తీయించేసే వాళ్ళ బంగళా అది. పెద్దాయన మూడు రోజులుగా కనబడటం లేదు. సెలవు ముగించుకొచ్చిన వంటామె మంగతాయారు గుమ్మంలోనే వాంతి చేసుకుని, "భోజనాల గదిలో బీరువా కంపు కొడుతోంది" అని పోలీసులకు ఫోన్ చేసింది.

ఇన్‌స్పెక్టర్ సుభాషిణి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చింది. ఆ బీరువా పక్కనే కూర్చుని పెద్దాయన కొడుకు ఉజ్వల్ పెరుగన్నం తింటున్నాడు.

"మంగతాయారే చంపిందండీ. లేకపోతే తాళం వేసిన బీరువాలో నాన్న శవం ఉందని దానికెలా తెలుస్తుంది?"

సుభాషిణి సంకెళ్ళు బయటికి తీసింది.

"కంపు కొడుతోందని మాత్రమే ఆవిడ చెప్పింది. శవం సంగతి చెప్పింది నువ్వే. పద."

"ఈ నాలుగు ముద్దలూ తినేసి వస్తానండీ," అన్నాడతను, వేళ్ళు నాక్కుంటూ.