యంత్రం విన్న మొదటి గుండె

"మంచం కదపడానికి వీల్లేదు," అన్నాడు డాక్టర్ షౌకీ, తెరకు ఇవతల నిలబడి. "గవర్నరు గారు మెట్లెక్కుతున్నారు."

తెర అవతలి నుంచి మంత్రసాని హికమత్ గొంతు నెమ్మదిగా వచ్చింది.

"నొప్పి తగ్గాక కూడా బిడ్డ గుండె తేరుకోవడం లేదు డాక్టర్ గారూ. ఎనభైకి పడిపోతోంది. ఇది మూడోసారి. ఉమ్మనీరు పచ్చగా దిగింది. నజ్లాను ఇప్పుడే పైకి, ఆపరేషన్‌కు పంపాలి."

షౌకీ చేతిలోని కార్యక్రమ పత్రం చూసుకున్నాడు. పదకొండింటికి కొత్త యంత్రంలో బిడ్డ గుండె చప్పుడు వినడం. పదకొండుంబావుకు ప్రసంగం. ఆ తర్వాత చల్లని కర్కదే షర్బత్. ఆపరేషన్ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

నైలు ఒడ్డున ఉన్న ఆ ఊరి ఆసుపత్రికి యంత్రం వచ్చి మూడు నెలలైంది. ప్రారంభోత్సవం కాలేదు కనుక అంతవరకూ అట్టపెట్టెలోనే ఉంది. నొప్పులు పడే స్త్రీని పరాయి మగవాళ్లు చూడకూడదు కనుక ఈరోజు దాన్ని తెరకు ఇవతల పెట్టి, తీగలూ, వాటి చివర పొట్టకు కట్టే పట్టీ మాత్రం లోపలికి పంపారు. ప్రమాదం వస్తే అది కూత పెడుతుంది. ప్రసంగానికి అడ్డమని ఆ కూతను షౌకీయే ఆపించాడు.

"ఎడమవైపు తిప్పి పడుకోబెట్టు. ఆక్సిజన్ పెట్టు. అరగంట ఓపిక పట్టు," అన్నాడు.

"ఓపిక పట్టాల్సింది నేను కాదు, బిడ్డ."

అప్పటికే గవర్నరు పరివారంతో లోపలికి వచ్చేశాడు. తెర వెనక చక్రాలు కిర్రుమన్నాయి. పక్కకు తిప్పుతోంది కాబోలు అనుకున్నాడు షౌకీ. అంతలో యంత్రం మీద అంకె మాయమైంది.

"హికమత్!"

"పట్టీ జారింది డాక్టర్ గారూ. మళ్లీ కట్టాను."

నూట ఇరవై ఎనిమిది. కాగితం మీద గీత ఎక్కడా పడిపోకుండా సాగింది. షౌకీ ఊపిరి పీల్చుకున్నాడు. ఈ మంత్రసానులకు ప్రతిదానికీ కంగారే.

"మేం వచ్చిన సంగతి వీడికి తెలుస్తుందా?" అని గవర్నరు అడిగాడు.

"ఎందుకు తెలియదు పాషా," అని షౌకీ గొంతు పెంచాడు. "హికమత్, లోపల అంతా సవ్యమేనా?"

"సవ్యమే."

అంకె నూట నలభై ఆరుకు ఎగిరింది. సంతోషమని షౌకీ వివరించాడు. పరివారం చప్పట్లు కొట్టింది.

గవర్నరు ప్రసంగం మొదలుపెట్టాడు. ముసలి మంత్రసానులు చెక్కగొట్టం చెవికి ఆనించి గుండె వినే రోజులు పోయాయనీ, యంత్రానికి భయం లేదనీ, అబద్ధం రాదనీ చెప్పాడు. ఆ మాటకు అంకె నూట యాభై దాటింది.

ఇరవై నిమిషాల తర్వాత పై అంతస్తు నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. గవర్నరు తలెత్తాడు. ఇంకెవరి బిడ్డో అని షౌకీ సర్ది చెప్పాడు. యంత్రం మీద అంకె మెల్లగా తొంభైకి జారింది. షౌకీ దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ప్రశాంతంగా ఉన్నాడు పాషా. మీ మాటల మహిమ."

కర్కదే తాగి అందరూ వెళ్లిపోయారు. ఎగుడుదిగుడుగా ఉన్న మొదటి జానెడు కాగితాన్ని షౌకీ చింపి జేబులో వేసుకున్నాడు. మిగిలిన దాని మీద గవర్నరు సంతకం ఉంది. అద్దం కట్టించి ఆసుపత్రి గుమ్మంలో వేలాడదీశారు. 'ఇక్కడ యంత్రం విన్న మొదటి గుండె' అని కింద రాయించారు. నజ్లా టీకాకు వచ్చినప్పుడల్లా దాని ముందు ఆగి, చంకలోని కొడుకుకు చూపిస్తుంది.

ఆ గుండె హికమత్‌ది.