మైకు దొరకలేదు

"అత్తయ్యా, ఆ సన్న స్క్రూడ్రైవరు ఒక్కసారి ఇవ్వండి. నా కొంప మునిగేలా ఉంది!"

"నా పనిముట్లు ఎవరి చేతికీ ఇవ్వనని మీకు తెలుసుగా," అంది అత్తగారు, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే.

ఆవిడది వాచీలు బాగుచేసే కొట్టు. కూతురూ అల్లుడూ ఉండేది పై అంతస్తులో. అల్లుడికి కంప్యూటర్లని నడిపించే లైనక్సంటే పిచ్చి. కంప్యూటర్లోనే కాదు, ఫోనులో కూడా అదే ఉండాలంటాడు. లైనక్సు గుర్తు పెంగ్విన్ పక్షి కాబట్టి ఇంటిల్లిపాదీ అతన్ని చాటుగా పెంగ్విన్ అంటారు. ఆ సంగతి అతనికి తెలియదని వాళ్లనుకుంటారు.

"నాలుగింటికి ఇంటర్వ్యూ అత్తయ్యా. ఈ ఫోను తయారుచేసే కంపెనీ వాళ్లే ఫోన్ చేస్తారు. ఫోన్ల రోగాలు కనిపెట్టి కుదిర్చే ఉద్యోగం. ఇదేమో పొద్దుట్నించీ మూగనోము పట్టింది. నేను గొంతు చించుకున్నా అవతలివాళ్లకి వినబడటం లేదు. పైగా మెమరీలో చోటు లేదు పొమ్మంటోంది."

"రోగాలు కుదిర్చే ఉద్యోగానికి రోగిష్టి ఫోనుతో పోతారా?"

అతను గోడవంక చూశాడు. ముప్ఫై గడియారాలు, ముప్ఫై టైములు. "వీటిలో ఏది కరెక్టు?"

"కరెక్టుగా నడిస్తే ఇక్కడికెందుకొస్తాయి?" ఆవిడ తన చేతివాచీ చూసుకుంది. "మూడూ పది. అసలు ఇప్పటిదాకా మీరేం చేశారు?"

"కొండంత ఫైలొకటి కనబడింది. తీసిపారేశా. టీ తాగొచ్చేసరికి మళ్లీ అంతయింది. మళ్లీ తీశా. మళ్లీ అంతే. నాలుగుసార్లు తాగానత్తయ్యా టీ."

"ఏముంది అందులో?"

"చూడలేదు."

"ఏం రాసుందో చదవకుండానే చించేస్తారా?"

అతను సిగ్గుపడి ఫైలు తెరిచాడు. ఫోను తన బాగోగులు తానే రాసుకునే లాగ్ ఫైలది. పై వరసలో 'మైకు దొరకలేదు' అని ఉంది. దాని కింద 'మైకు దొరకలేదు'. వేలు నొప్పిపుట్టేదాకా కిందికి జరిపినా అదే మాట. సెకనుకి లక్షసార్లు రాసుకుంటూ పోతోంది.

అత్తగారు పకపకా నవ్వింది. "చోటు లేకపోవడం రోగం కాదండీ. మైకు ఊడింది మొర్రో అని అది మొత్తుకుంటోంది. మీరేమో ఆ మొత్తుకోళ్లు చెరిపేస్తున్నారు. మీ మామగారూ ఇంతే. ఇలా తెండి."

ఫోను ఆపేసి, బల్లమీద తెల్లగుడ్డ పరిచి, నూగింజల్లాంటి మరల్ని ఒక్కొక్కటే విప్పి డబ్బామూతలో పెట్టి, ఫోను వెనకమూత ఎత్తింది. అల్లుడు ఊపిరి బిగబట్టాడు. "ఊపిరి వదలండి, కానీ ఇటు కాదు, మరలు ఎగురుతాయి," అందావిడ. అతను తలుపువైపు తిరిగి వదిలాడు.

"ఇదిగో!" మైకుని కలిపే, బొద్దింక మీసమంత సన్న పట్టీ ఒకటి దాని గాడిలోంచి జారి ఉంది. గాడినిండా దూది పీచు. ఆవిడ పీచు లాగేసి, కుంచెతో దులిపి, పట్టీని చెక్కముక్కతో నొక్కింది. టిక్కుమంది. వెనకమూత బిగించి ఫోను ఆన్ చేశారు. అల్లుడు "హలో హలో" అని రికార్డు చేసి వింటే ఖంగుమని పలికింది. లాగ్ ఫైలు రాత మానేసి బుద్ధిగా కూర్చుంది.

"మూడున్నర! ఇంకా బోలెడు టైముంది," అంటూ అల్లుడు కుర్చీలోనే గెంతాడు. "ఆ మిగిలిన చెత్త కూడా ఊడ్చేస్తా."

"పనిచేస్తోందిగా, ఇక కెలకకండి."

"ఒక్క కమాండే అత్తయ్యా."

ఒక్క కమాండే కొట్టాడు. కాకపోతే హడావుడిలో నడిమధ్యన ఒక ఖాళీ ఎక్కువ పడి, 'ఈ చెత్త తీసెయ్' కాస్తా 'అన్నీ తీసెయ్' అయింది. చెత్తతో మొదలైన ఊడుపు ఫొటోలమీదుగా సాగి, లైనక్సునే ఊడ్చుకుపోయింది. తెర నల్లబడింది. ఇరవై నిమిషాలపాటు ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు.

"చోటు ఖాళీ అయిందా?" అడిగింది అత్తగారు.

"మొత్తం అయింది," అన్నాడు ఏడుపు గొంతుతో.

మళ్లీ లైనక్సు ఎక్కించాలంటే గంటపైన పడుతుంది. నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. అత్తగారు సొరుగులోంచి తన బటన్ల ఫోను తీసింది. అతని సిమ్ము అందులో చిన్నదై వదులుగా ఆడుతుంటే, వాచీడబ్బా అట్టముక్క కత్తిరించి పక్కన ఇరికించింది. మరుక్షణం ఫోను మోగింది.

"నమస్కారమండీ," అంది ఒక ఆడగొంతు. "మీరిప్పుడు మా ఫోనులోంచేనా మాట్లాడుతున్నారు?"

అవునన్న అబద్ధం నాలుకచివరిదాకా వచ్చింది. ఎదురుగా అత్తగారు, భూతద్దం ఉన్న కన్నూ లేని కన్నూ రెండూ అతనిమీదే పెట్టి చూస్తోంది. అతను నుదురు తుడుచుకున్నాడు.

"లేదండీ. మా అత్తయ్యగారి బటన్ల ఫోను." ఇక దాచి లాభం లేదని నాలుగు టీలతో సహా జరిగిందంతా చెప్పేశాడు. ఫైలు చదవమన్నది ఆవిడే. పట్టీ కనిపెట్టిందీ, కెలకొద్దన్నదీ ఆవిడే. కెలికింది మాత్రం తను.

అవతల చాలాసేపు గుసగుసలు వినబడ్డాయి. ఎవరో కుర్చీ జరిపారు. అల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"ఆ మైకు గొడవమీద మా ఇంజనీర్లు నెలరోజులుగా జుట్టు పీక్కుంటున్నారండీ," అంది ఆ గొంతు సంతోషంగా. "మాక్కావలసిన మనిషి ఇన్నాళ్లకి దొరికారు."

"థాంక్సండీ!" అతను కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ఎప్పట్నుంచి రమ్మంటారు?"

"అది మీ అత్తయ్యగారినే అడుగుతాం. ఫోను ఒక్కసారి ఆవిడకిస్తారా?"