వరసలో మొదటి రాకెట్

ఆ ఆదివారం కూడా వరసలో మొదటి రాకెట్ అదే. పిడికి చుట్టిన గుడ్డ చిరిగి, తీగలు వదులై, ఏ కాలం నాటిదో!

ఆ టెన్నిస్ కోర్టులో పేర్లు రాసుకోవడాలేం లేవు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఇనుప జాలీకి రాకెట్ ఆనించాలి. వరసే వంతు. కావాలంటే తన వంతు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు.

"బంతులు, నీళ్లు, నీ మాత్రలు... అన్నీ సర్దానక్కా. నా ప్లానంటే ప్లానే!" అంది చెల్లెలు.

అక్క పెద్ద జబ్బు నుంచి లేచింది. ఆడుకోమన్నాడు డాక్టరు, ఎండ మాత్రం తగలకూడదన్నాడు. ఎండెక్కేలోపు వంతు రాకపోతే ఇంటిదారే. మంచం దిగిన మనిషి మళ్లీ ఎక్కడ మంచమెక్కుతుందోనని చెల్లెలి బెంగ.

ఆ మొదటి రాకెట్ పెట్టిన టోపీ ఆయన బెంచీ మీంచి లేచాడు. "నాకింకా ఒళ్లు వేడెక్కలేదమ్మా. మీరాడండి."

ప్రతివారం ఇదే మాట.

అక్క ఆడింది. బంతి నెట్ దాటిన ప్రతిసారీ చిన్నపిల్లలా నవ్వింది.

"ఇంతకీ ఈయనగారి ఒళ్లు ఎప్పటికి వేడెక్కుతుందంటావ్?"

"నీకెందుకే? ఊరుకో."

ఊరుకుంటే చెల్లెలెందుకవుతుంది? ఆట అవగానే వెళ్లి అడిగేసింది.

"బాబాయిగారూ, మీరాడగా ఒక్కసారీ చూళ్లేదు. ఆడనప్పుడు రాకెట్ ఎందుకు పెడతారు?"

ఆయన తడబడ్డాడు. "ఊరికే... చూద్దామని."

"చూడ్డానికైతే బెంచీ చాలుగా! వెనకాల ఇంతమంది కాచుక్కూర్చున్నారు, పాపం."

కాచుక్కూర్చున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వాడు. "నిజమేనమ్మా" అని రాకెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

"పెద్దాయన్ని అలా అనొచ్చా?" అక్క కసిరింది.

"న్యాయం మాట్లాడానంతే!"

పై ఆదివారం ఇద్దరూ ఇంకా పెందలాడే వచ్చారు. అయినా జాలీ పొడుగునా రాకెట్లే. టోపీ ఆయన జాడ లేదు. చూస్తుండగానే ఎండొచ్చేసింది.

అక్క రాకెట్ కవర్లో పెట్టేసింది. "ఇంక నావల్ల కాదులే. వచ్చేవారం నుంచి నన్ను లేపకు."

చెల్లెలు జాలీ కేసి చూసింది. "ఇన్నాళ్లూ వచ్చిన వంతు ఇవాళేమైందే?"

పక్కనే బూట్లు విప్పుకుంటున్న, అక్కడ ఎప్పుడూ ఆడే లాయరుగారు తలెత్తారు. "ఇన్నాళ్లూ మీరాడింది ఆయన వంతులోనేగా! ఏరీ ఆయన? పోయినవారం నేను ఊళ్లో లేను."

చెల్లెలు జరిగింది చెప్పింది.

లాయరుగారు విప్పిన బూటు పక్కన పెట్టారు.

"ఆయనకి టెన్నిస్ రాదమ్మా. మీ అక్క తొలిసారి ఒక్కతే వచ్చి, వంతు రాక, గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే రోడ్డున పోతూ చూశారు. ఇక్కడ వంతెలా దొరుకుతుందని నన్నడిగి, ఆ సాయంత్రమే ఎక్కడో పాత రాకెట్ ఒకటి కొనుక్కుని, పై ఆదివారం మా అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు."