ఫ్యాను తిరిగిన వైపు

నలభై దాటిన ప్రతి ఆడమనిషి చేతికీ ఇప్పుడొక తెల్ల గాజు ఉంటోంది. ముట్లుడిగే వయసులో ఒంట్లో ఆవిర్లు లేస్తే గాజు ఎర్రబడుతుంది, ఇంట్లో ఫ్యాను తనంతట తానే ఆమె వైపు తిరుగుతుంది. "ఇందులో సిగ్గేమిటమ్మా?" అని ఊరూరా చెప్పి ఆ గాజు తొడిగించింది నర్సింగ్ ప్రొఫెసర్ విశాలాక్షే.

ఆదివారం ఆమె విద్యార్థినులు ఇంటికి టిఫినుకి వచ్చారు. తోటికోడలు కనకదుర్గ ఆమె పక్కనే నిలబడి పెసరట్లు వడ్డిస్తుంటే, ఫ్యాను గిర్రున వాళ్లిద్దరి వైపు తిరిగింది.

"మేడమ్, మీకా?" అందొక అమ్మాయి.

విశాలాక్షి చెయ్యి పమిటలో దాచుకుంది. "నాకప్పుడేనా! మా అక్కకి, పాపం" అనేసింది.

కనకదుర్గకి ఆ బాధ తీరి చాలా ఏళ్లయింది. ఆమె తోటికోడలి మొహంలోకి ఒకసారి చూసి, తెల్లగానే ఉన్న తన గాజుని పెసరట్ల పళ్లెం చాటుకి జరుపుకుంది. "అవునమ్మా, నాకే. దాచుకోవద్దని మీ మేడమే నేర్పింది" అంది.

పిల్లలు మెచ్చుకోలుగా చూశారు. విశాలాక్షి కూర్చోలేక, మంచినీళ్లు తెస్తానని లేచింది. ఫ్యాను కూడా ఆమె వెనకాలే తిరగసాగింది.

"ఉండవే, నేనూ వస్తా" అంటూ కనకదుర్గ గబగబా వచ్చి ఆమెను ఆనుకుని నడిచింది. వంటింట్లోకి వెళ్లాక కూడా విశాలాక్షి తల ఎత్తలేకపోయింది.