ముస్తాబైన మిల్లు

బంగార్రాజు పాత సైకిల్ ట్యూబుని పీలికలుగా కోసి, గాలి పైపుకి బిగించి కట్టాడు.

ఏళ్ల తరబడి బుస్సుమంటున్న పైపు ఠక్కున నోరు మూసుకుంది.

"కొలిమి తలుపు సందుల్లో మట్టి మెత్తారా?" అని కేకేశాడు.

"మెత్తాం మేస్త్రీ! సెగ కాస్త కూడా బయటికి రాదు."

కొండపల్లిలో ఆ మిల్లు బాగా పాతది. ఇనప దిమ్మెల్ని ఎర్రగా కాల్చి ఊచలుగా సాగదీస్తారు. బంగార్రాజు అక్కడ పెద్ద మేస్త్రి.

మర్నాడు ఎవరో డయానా అనే ఆవిడ వస్తుందట. మిల్లులో కరెంటూ బొగ్గూ ఎక్కడెంత దండగవుతోందో కొలుస్తుందట. దాన్ని ఎనర్జీ ఆడిట్ అంటారని మేనేజరు గంగాధర్ చెప్పాడు.

ఆడిట్ అన్న మాట వినగానే అందరి గుండెల్లో రాయి పడింది.

మైలవరం వైపు ఒక మిల్లులో ఇలాగే ఎవరో వచ్చి కొలిచారట. ఆ వెంటనే సగం మందిని ఇంటికి పంపేశారట.

"దండగ కనపడితేగా మనల్ని పీకేది? కనపడనిస్తే కదా!" అన్నాడు బంగార్రాజు.

పెళ్లిచూపులకి వస్తున్నారంటే గోడ పగులు మీద క్యాలెండర్ తగిలించమూ? మిల్లుకీ అదే చేశారు. పైగా ఎంత మురిసిపోయారనుకున్నారు!

డయానా గుణదల నుంచి స్కూటీ మీద వచ్చింది. భుజాన పెద్ద సంచీ, అందులో వేడిని పట్టే కెమెరా.

"బాబాయ్ గారూ, నా కోసం ఏమీ సర్దకండి. ఉన్నది ఉన్నట్టు చూపించండి. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి."

"రోజూ ఇంతేనమ్మా," అన్నాడు బంగార్రాజు.

ఆవిడ అటు తిరగ్గానే పక్కవాడికి కన్ను గీటాడు. "చూశావా, ఎంత తియ్యగా కూపీ లాగుతందో!"

పాపం, ఆ పిల్ల కొలిమి చుట్టూ చెమటలు కక్కుతూ తిరిగింది. పైపులన్నిటికీ చెవి పెట్టి విన్నది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కొండలమ్మ కొరమీను పులుసు వడ్డించింది. డయానా వేళ్లు నాకుతూ తిని, మారు వడ్డించమంది.

కొండలమ్మ గిన్నె పట్టుకుని బంగార్రాజు దగ్గరికొచ్చింది.

"మన పిల్లలాగే ఉంది మేస్త్రీ. చెప్పేద్దామా?"

"నోర్ముయ్యవే! నాలుగు మాటలు నవ్వుతూ మాట్టాడితే కరిగిపోడమేనా?"

రెండో రోజు పని ముగిశాక డయానా తనే బంగార్రాజుని వెతుక్కుంటూ వచ్చింది.

"బిల్లులు చూస్తే మిల్లు కరెంటు విపరీతంగా తాగుతోంది. ఇక్కడ చూస్తే ఇంత బుద్ధిగా ఉంది. తేడా ఎక్కడుందో మీకేమన్నా తెలుసా బాబాయ్ గారూ? మీ మేలు కోరే అడుగుతున్నా."

బంగార్రాజుకి నిజం నోటిదాకా వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూసి మింగేశాడు.

"దుర్గమ్మ తోడు! మా మిల్లులో ఏ లోపమూ లేదమ్మా."

డయానా అతని మొహంలోకి కాసేపు అలాగే చూసింది.

"సరేనండి," అని సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మిల్లులో మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నారు.

నెల తిరక్కుండానే గేటుకి తాళం పడింది. మిల్లు మూసేశామని కాగితం అంటించారు.

ఆడవాళ్లు గొల్లుమన్నారు. బంగార్రాజు కళ్లు ఎర్రబడ్డాయి. జీవితమంతా ఆ సెగలోనే గడిపినవాడు, ఈ వయసులో ఎక్కడికి పోతాడు?

అందరూ వినేలా ఫోన్ స్పీకర్ పెట్టి డయానాకి చేశాడు.

"మా చేతి పులుసు తిని మా పొట్టే కొట్టావు కదే! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! నమ్మించి గొంతు కోశావు. మా ఉసురు తగలకపోదు!"



"మీరు చూపించిందే రాశాను బాబాయ్ గారూ," అంది డయానా. ఫోన్ కట్టయింది.

"నంగనాచి!" అన్నారెవరో.

అప్పుడే గంగాధర్ తన సామాను పట్టుకుని బయటికొచ్చాడు. అతని ఉద్యోగమూ పోయింది.

"ఎవర్నయ్యా తిడుతున్నారు?"

"ఇంకెవర్ని? మిల్లు మూయించిన ఆ మహాతల్లిని!"

గంగాధర్ సామాను కింద పెట్టాడు.

"దండగ ఇదిగో ఇక్కడవుతోందని ఆవిడ చూపించగలిగితే, కొత్త కొలిమికి బ్యాంకు అప్పిచ్చేది. ఎంత వెతికినా ఒక్క లీకన్నా దొరకలేదాయె! ఇక బాగుచేయడానికి ఏముంది, పాత మిల్లు ఖర్మ ఇంతే అని ఓనరు హేమసుందర్ గారు మూసేశారు."

కొండలమ్మ బంగార్రాజు వంక చూసి, మళ్లీ చూడలేక తల తిప్పుకుంది.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా ఆవిడ!" అన్నాడు బంగార్రాజు. కోపం ఇంకా వదల్లేదు.

"ఎలా చెబుతుంది? మిల్లు మూసేసే మాట బయటికి పొక్కితే మీరు గొడవ చేస్తారని, నోరు విప్పనని ఆవిడ దగ్గర ఓనరు ముందే మాట తీసుకున్నాడు."

"అసలు ఆవిణ్ణి మన మీదికి పంపిందెవరు?"

"ఎవరూ పంపలేదు మేస్త్రీ! వేరే పని మీద ఓనరు గారి ఆఫీసుకెళ్లి, మిల్లు మూసేస్తున్నారని విని, 'ఇంతమంది అన్నం తినే చోటండీ, రెండు రోజులు టైమివ్వండి, నిలబెట్టే దారి నేను వెతుకుతా' అని ఆయన్ని బతిమాలుకుని వచ్చింది ఆ పిల్లే."