ఎడమ వైపు వాలు

“దారం ఎందుకు కదిలింది మేస్త్రీ?”

కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు పెద్దాయన. మేస్త్రి రసమట్టం కింద పెట్టి చూశాడు. గేటు నుంచి గ్యారేజీ దాకా కట్టిన దారం నిజంగానే వేలెడంత ఎడమకు జరిగి ఉంది.

“ఎవరి కాలో తగిలుంటుందండీ. సరిచేస్తాను.”

“తగిలిందా, తగిలించావా?”

మేస్త్రి పళ్లు కొరుక్కున్నాడు. కొండవాలు ఇళ్లకు కారు దారులు వేయడం అతనికి కొత్తేమీ కాదు. కంకర పోసి మెషీన్‌తో దిమ్మిస కొట్టించడం, పైన ఇసుక చదును చేయడం, పల్లంలో మొదలుపెట్టి ఎత్తుకి ఒక్కో వరసా పేవర్ రాళ్లు పేర్చుకుంటూ పోవడం అతనికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఇంటి యజమాని ఫోన్లో తప్ప దొరకడు కాబట్టి పని హాయిగా సాగుతుందనుకున్నాడు పాపం. ఈ పెద్దాయన సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఆయన పొద్దున్నే కుర్చీ ఒక చేత్తో, ఫ్లాస్కు ఒక చేత్తో పట్టుకుని హాజరవుతాడు. కంట్లో వత్తులు వేసుకుని కూర్చుంటాడు. కంకర పోస్తే పుల్ల గుచ్చి లోతు చూస్తాడు. ఇసుక సర్దితే చెంబుతో నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూస్తాడు. ఆ చెంబెడు నీళ్లకు చెదిరిన ఇసుకను మళ్లీ సర్దలేక కూలీలు తలలు పట్టుకుంటున్నారు.

“నన్ను చూస్తే దొంగలా కనిపిస్తున్నానా అండీ?” అన్నాడు మేస్త్రి ఉండబట్టలేక.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు తడుముకుంటావ్?”

“మీరింకా దొంగ అననే లేదుగా!”

“అనిపించుకోకు మరి.”

కూలీలు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. మేస్త్రి మాట మార్చాడు. “రాళ్లు కోయడానికి కరెంటు కావాలండీ. తలుపు తీస్తే ప్లగ్గు పెట్టుకుంటాం.”

“తలుపులూ గిలుపులూ వద్దు. కింది నుంచి వైరు లాగిస్తాను.”

ఇంట్లో అడుగైనా పెట్టనివ్వడా? మేస్త్రికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అనుమానం పెనుభూతం అంటారు. ఇక్కడ ఆ భూతం కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది.

మధ్యాహ్నం కింద ఎక్కడో చిన్న గంట మోగింది. పెద్దాయన చేతిలో టీ కప్పు అలాగే వదిలేసి, ఆ వయసుకి తగని వేగంతో పక్కనున్న మెట్లు దిగిపోయాడు. ఆయన అటు వెళ్లాడో లేదో యజమాని ఫోన్ చేశాడు.

“వాలు ఎడమకే పెట్టావు కదా?”

“రోడ్డు వైపు పెట్టి, గేటు దగ్గర కాలువ తీసి పైన ఇనుప జాలీ వేద్దామనుకుంటున్నామండీ.”

“గేటు ముందు జాలీ నాకు వద్దు, అసహ్యంగా ఉంటుంది. ఎడమకే వంచు.”

మేస్త్రి దారం విప్పి మళ్లీ కట్టించాడు. రెండు వరసలు పరిచేసరికి పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. వచ్చీ రాగానే చెంబెత్తి నీళ్లు పోశాడు. నీళ్లు బుద్ధిగా ఎడమ గోడ దగ్గరకు వెళ్లాయి.

“నేను అలా వెళ్లి వచ్చేలోగా కొండ తిరగబడిందా మేస్త్రీ? ఇందుకే నిన్ను నమ్మంది!”

“నా తప్పేం లేదండీ. అబ్బాయిగారు ఫోన్ చేసి ఎడమకే వంచమన్నారు.”

“వాడికేం తెలుసు? వానొచ్చిన రోజు వాడిక్కడ ఉన్నాడా?”

“ఆయన ఒకటి చెబుతారు, మీరొకటి చెబుతారు. మధ్యలో నేనెవరి మాట వినాలి?”

పెద్దాయన అతని మోచెయ్యి పట్టుకుని ఎడమ గోడ దగ్గరకు తీసుకెళ్లాడు. కొండ మీద కట్టడాలు ఒకదాని కాళ్ల దగ్గర ఇంకొకటి దిగుతూ పోతాయి. గోడకు సరిగ్గా కింద ఒక కిటికీ, లోపల ఒక మంచం కొస కనిపించాయి.

“కిందటి వానకి ఈ గోడ మీంచే నీళ్లు దూకాయి. ఆ మంచం మీద ఉన్న మనిషికి పక్షవాతం, లేవలేదు. నేను మందులకని వెళ్లాను. వచ్చేసరికి పరుపు దాకా నీళ్లు. అరిచి అరిచి గొంతు పోయి, నన్ను చూసి ఏడవడానికి కూడా శబ్దం రాలేదు దానికి.”

అనుమానంతో ముడుచుకుని ఉండే ఆ కళ్లలో ఉన్నది భయమని మేస్త్రికి అప్పుడు తెలిసింది.

“అమ్మగారా?”

ఆయన తల ఊపాడు.

“మరి అబ్బాయిగారికి చెప్పలేదా?”

“కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నీరు పల్లమెరుగు, దానికి నన్నేం చేయమంటారు అన్నాడు.”

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి మంచం మీదికి నీళ్లు వదిలే కొడుకులు కూడా ఉంటారా! ఇంకొక్క మాట అడగలేదు. పరిచిన రెండు వరసలూ దగ్గరుండి పీకించాడు, దారం రోడ్డు వైపు కట్టించాడు, గేటు దగ్గర కాలువ తవ్వించాడు. పెద్దాయన ఆ రోజు మొదటిసారి తన ఫ్లాస్కులో టీ అతనికి పోసి ఇచ్చాడు.

పని ముగిసిన రోజే వాన పట్టుకుంది. గ్యారేజీ దగ్గర నుంచి జారిన నీళ్లన్నీ జాలీలో పడి రోడ్డు కాలువలోకి పోయాయి. ఎడమ గోడ వైపు చుక్క వెళ్లలేదు. పెద్దాయన తడుస్తూ నిలబడి ఆసాంతం చూసి, “నిన్ను చాలా అనుమానించాను, మనసులో పెట్టుకోకు నాయనా” అని, కుర్చీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

వాన వెలిశాక యజమాని కారు వచ్చి జాలీ ముందు ఆగింది.

“ఇదేంటి? వద్దన్నాను కదా!”

మేస్త్రి ఇన్నాళ్లూ దాచుకున్న కోపమంతా కక్కేశాడు. “మీ నాన్నగారే వేయించారండీ. కన్నతల్లి ఆ గదిలో లేవలేక పడి ఉంటే మీకు గేటు అందం కావాల్సొచ్చిందా?”

యజమాని నోరు తెరుచుకుని మేస్త్రిని చూశాడు. తర్వాత గోడ మీంచి తొంగి కిందికి చూశాడు.

“ఆయన కింది ఇంటాయన, మేస్త్రీ!”